కారని పైకప్పు

హాస్టల్, కింది గది
ఫిబ్రవరి

తమ్ముడికి,

నువ్వూ నీ పనీ క్షేమంగా ఉండాలని పొద్దున్నే ప్రభువును అడిగి, ఆ తర్వాత ఈ కాగితం తీశాను.

చెక్కు అందింది. బ్యాంకులో డబ్బుగా మార్చి, కవరులో పెట్టి ఆదివారం కానుక పళ్లెంలో వేశాను. కవరు మీద నీ పేరు రాయలేదు. "ఒక లాండ్రీ నుండి" అని మాత్రం రాశాను.

ఫోన్ చెయ్యకు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మాటలు మింగేస్తోంది. మొన్న నువ్వు ఏదో చెబుతుంటే "మంచిది, మంచిది" అన్నాను. పెట్టేశాక గుర్తొచ్చింది, నీ గొంతు మంచి వార్త చెప్పే గొంతులా లేదు. ఉత్తరం రాయి. కాగితం మీదైతే నాకు అన్నీ వినిపిస్తాయి.

ఇక్కడ చర్చి పైకప్పు ఈ ఏడాది గట్టెక్కేలా లేదు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో నేను కూర్చునే చోటు నీకు తెలుసుగా. వానొస్తే సరిగ్గా నా పాపిట మీదే పడుతుంది చుక్క. పక్కకి జరగవచ్చు. కానీ జరిగితే ఆ చుక్క ఇంకొకరి మీద పడుతుంది. అందుకని బకెట్‌ను ఒళ్లో పెట్టుకున్నట్టు దగ్గర పెట్టుకుని కూర్చుంటున్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

కొత్త రేకులు వేయించాలని పాస్టరు గారు అన్నారు. చందాల్లో నీ కవరే పెద్దది. గర్వపడకూడదు. కొంచెం పడ్డాను.

పాల డబ్బా నీ బల్ల మీదే ఉందా? చిన్నప్పుడు నీకు నేను నేర్పింది రెండే. పొద్దున్నే పళ్లు తోముకోవడం, చేతికి వచ్చిన దానిలో మొదటిది దేవునిదని డబ్బాలో వేయడం. మొదటిది మర్చిపోయినా రెండోది మర్చిపోలేదు నువ్వు.

నీ పెద్దక్క

⁂

లాండ్రీ ఆఫీసు గది, బాయిలర్ పక్కన
మార్చి

అక్కా,

నువ్వు "మంచిది, మంచిది" అన్నది ఏ మాటకో చెప్పనా? పెద్ద హోటలు మనల్ని వదిలేసిందని చెప్పాను. నువ్వు మంచిది అన్నావు. నేనూ సరే, అక్క అంత తేలిగ్గా తీసుకుందంటే ఏదో ఉందనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. కాబట్టి నీ చెవికి నా కృతజ్ఞతలు.

వాళ్లు సొంత మిషన్లు పెట్టుకున్నారు. ఇప్పుడు మనకి మిగిలింది రెండు లాడ్జీలు, ఒక ఆసుపత్రి. లాడ్జీ దుప్పట్ల సంగతి నీలాంటి దైవభక్తురాలికి రాయకూడదు. ఆసుపత్రివి అంతకంటే రాయకూడదు. పెద్ద డ్రమ్ము సగం ఖాళీగా తిరుగుతుంటే పళ్లూడిన ముసలాయన నమిలినట్టు చప్పుడు చేస్తోంది.

కానీ నువ్వు కంగారుపడకు. డబ్బా బల్ల మీదే ఉంది. వచ్చిన ప్రతి బిల్లులో దేవునిది ముందు తీశాకే మిగతా వాటి ముఖం చూస్తున్నాను. ఇంకో మాట చెబితే నువ్వు సంతోషిస్తావు. హోటలు పోయాక అందరూ ఖర్చు తగ్గించమన్నారు. నేను దశమ భాగాన్ని రెండింతలు చేశాను. మనిషి తలుపు మూస్తే దేవుడు తెరుస్తాడు కదా, ఆయనకి ఆ తలుపు దగ్గరికి దారి చూపించాలిగా.

మన దగ్గర ఉన్నది ముగ్గురే ఇప్పుడు. ఉతికే అమ్మాయిలిద్దరు, మడతల పిన్ని. పిన్నిని నువ్వు చూడలేదు. దుప్పటి ఇద్దరు పట్టుకుని మడవాలి కదా, ఆవిడ ఒక్కతే మడుస్తుంది. ఒక అంచు గడ్డం కింద, ఒక అంచు మోకాళ్ల మధ్య, చేతులు రెండూ విచ్చి ఒక్క విసురు. దుప్పటి తలవంచుకుని వచ్చి ఆవిడ చేతిలో పడుకుంటుంది. నోరు మాత్రం మడత పడదు. మొన్న ఆసుపత్రి బిల్లు రాగానే నేను డబ్బాలో వేస్తుంటే చప్పుడు విని లోపలి నుంచి అంటుంది: "బాబూ, మీ దేవుడికి మాకంటే ముందే ఆకలేస్తుందా?" అమ్మాయిలు నవ్వారు. నేనూ నవ్వాను.

జీతాలు కొంచెం వెనకబడ్డాయి. సర్దుకుంటాయి.

చెక్కు ఇందులోనే ఉంది.

నీ తమ్ముడు

⁂

హాస్టల్, కింది గది
మార్చి చివర

తమ్ముడికి,

చెక్కు వేశాను. పాత పెంకులు దించేశారు. ఇనప కమ్మీలు నిలబెట్టారు. ఇప్పుడు ఆరాధనలో తలెత్తితే ఆకాశమే. కోశాధికారి గారు నన్ను ముందు వరసలోకి రమ్మన్నారు. పోయిన ఆదివారం పాస్టరు గారు ఆ కవరు ఎవరిదో కనుక్కుని నీ కోసం పేరు పెట్టి ప్రార్థన చేశారు. నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

హోటలు పోయినందుకు బాధగా ఉంది. దశమ భాగం రెండింతలు చేశానన్నావు. నేను నీకు అంత నేర్పలేదు.

ఒక్క మాట. జీతాలు కొంచెం వెనకబడ్డాయి అన్నావు. కొంచెం అంటే ఎంత?

పెద్దక్క

⁂

లాండ్రీ ఆఫీసు గది
ఏప్రిల్

అక్కా,

హాస్టల్లో అమ్మాయిల లెక్కలు తీసీ తీసీ నీకు పోలీసు బుద్ధి వచ్చింది. ఇంత ఉత్తరంలో నీ కంటికి ఆ ఒక్క ముక్కే ఆనిందా?

సరే. మూడు నెలలు. ఇక నాలుగో నెల కూడా అనుకో. నేనేమీ తిని కూర్చోలేదు. పెళ్లీ పెటాకులూ లేనివాణ్ని, నా ఖర్చెంత? కరెంటు వాళ్లు ఆగరు. సబ్బు పొడి వాడు ఆగడు. మిషన్ల కోసం తీసుకున్న అప్పుకి బ్యాంకు అసలే ఆగదు. మనవాళ్లయితేనే ఆగుతారు. ఆ అమ్మాయిల్లో ఒకతి వెళ్లిపోయిందిలే.

మంచి సంగతి చెబుతాను విను. మడతల పిన్ని ఉండే గది ఓనరు, అద్దె బాకీ అని సామాను రోడ్డు మీద పెట్టేశాడు. ఆవిడ భర్త మంచంలో మనిషి. ఒకప్పుడు లారీల మెకానిక్కు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆయన దగ్గితే వీధి చివర కుక్క లేస్తుంది. అందుకని అందరూ హారన్ బాబాయి అంటారు, ఆయన కూడా ఆ పేరుకే పలుకుతాడు. ఆ మనిషిని మంచంతో సహా వీధిలో పెట్టారు అక్కా. నేను చూసి ఆగలేకపోయాను. బాయిలర్ వెనక మనకి ఒక గది ఉంది కదా, పాత సామాను వేసేది. అది ఖాళీ చేయించి ఇద్దరినీ అందులో పెట్టాను. ఒక్క పైసా అద్దె అడగలేదు. కొంచెం ఆవిరి వస్తుంది, గోడలు చెమ్మ. అయినా తల మీద నీడ.

పిన్ని పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి నా చేతులు పట్టుకుంటుంది. "నీ మేలు మర్చిపోను బాబూ" అంటుంది. ఆ నోటి నుంచి ఎగతాళి తప్ప ఎప్పుడూ వినలేదు నేను. కళ్లు చెమర్చాయి. ఇచ్చిన చేతికి ఎంత తృప్తి ఉంటుందో నువ్వు చెప్పేదానివి, ఇప్పుడు తెలిసింది.

ఈ నెల చెక్కు కూడా పెట్టాను. ఆగలేదు చూశావా.

నీ తమ్ముడు

⁂

హాస్టల్, కింది గది
మే

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్రార్థన రాలేదు.

ఆవిడ అద్దె ఎందుకు కట్టలేకపోయింది? నువ్వు జీతం ఇవ్వక. ఆవిడ జీతం నీ దగ్గర పెట్టుకుని, అందులోంచి ఒక చెమ్మ గది తీసి ఆవిడకిచ్చి, దానికి ఆవిడ చేత థ్యాంక్స్ చెప్పించుకుంటున్నావు. రెండు పూటలా.

పని చేసినవాళ్ల కూలి పొద్దు గుంకేలోగా ఇవ్వాలని వాక్యంలో ఉంది. అది నీకు నేర్పలేదు నేను. అప్పుడు మన దగ్గర పని చేసేవాళ్లెవరూ లేరు, మనమే ఒకరి దగ్గర చేసేవాళ్లం. అందుకని గుర్తు రాలేదేమో.

ఈ చెక్కు వేశాను. రేకుల లారీ వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. సగం కప్పు తెరిచి ఉంది. ముసురు పట్టేలా ఉంది. కోశాధికారి గారు నా వైపు చూశారు. వేసి వచ్చి రాస్తున్నాను.

ఇక పంపకు. వాళ్లకివ్వు.

అక్క

⁂

లాండ్రీ ఆఫీసు గది
జూన్

పెద్దక్కకి,

నీ ఉత్తరం చదివి వారం రోజులు ఊరుకున్నాను. ఊరుకుంటే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నువ్వు వేసి వచ్చి, ఆ చేతితోనే నన్ను పంపవద్దని రాశావు. మూడు నెలల జీతం బాకీ అని నేను రాసినది చదివావు. పిన్నిని వీధిలో పెట్టారని చదివావు. చదివి, చెక్కు మార్చి, కవరులో పెట్టి, ముందు వరసలోంచి లేచి వెళ్లి వేశావు. రేకుల లారీ వాడికి మొహం చూపించలేక. నాకు కూడా అలాంటి లారీలే అక్కా. రోజూ ఒకటి వాకిట్లో నిలబడుతుంది.

నాకు ఈ లెక్క నేర్పిందెవరు? అమ్మ జ్వరంతో పడి ఉంటే పక్కింటామె మందుకని డబ్బులిచ్చింది. నువ్వు అందులోంచి కూడా మొదటి నాణెం తీసి డబ్బాలో వేశావు. నేను ఏడ్చాను, మందు చాలదేమోనని. నువ్వు నా నెత్తి మీద ఒకటిచ్చి, "ముందు డబ్బా, తర్వాత మనం" అన్నావు. మూడో రోజు అమ్మ లేచి కూర్చుని జావ తాగింది. ఆ జావ గిన్నె నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నాకు తెలిసిన దారి అదొక్కటే. ఇప్పుడు ఆపితే ఏముంది నా దగ్గర? హోటలు పోయింది, ఒక లాడ్జీ కూడా పోయింది. దేవుణ్ని కూడా అప్పులవాళ్ల వరసలో నిలబెట్టి "రేపు రండి సార్" అనమంటావా?

ఆపలేను. ఆపితే అంతా కూలిపోతుంది. నీకు ఇష్టం లేదు కాబట్టి ఈ నెలది నేరుగా పాస్టరు గారికే పంపాను.

హారన్ బాబాయికి బాగోలేదు. ఆవిరికి దగ్గు ఎక్కువైంది. ఇప్పుడు దగ్గు పెద్దగా రావడం లేదు, లోపలే తిరుగుతోంది. పిన్ని రాత్రిళ్లు ఆయన్ని ఆనుకుని కూర్చుంటుంది, పొద్దున మడతలు పెడుతుంది. నిన్న నేను ఆఫీసులో ప్రార్థన చేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి, అయ్యేదాకా ఆగి, మెల్లిగా అడిగింది: "బాబూ, మీ దేవుడితో నీకు బాగా చనువు కదా. మా నెల జీతం గురించి ఒక మాట వెయ్యరాదూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అమ్మాయిలు కూడా లేరు.

తమ్ముడు

⁂

హాస్టల్, కింది గది
జూన్ చివర

తమ్ముడూ,

నువ్వు రాసింది నిజం. కాదనను. దాని గురించి నేను మాట్లాడాల్సింది నీతో కాదు.

అమ్మ సంగతి. అమ్మ లేచింది డబ్బా వల్ల కాదురా. మందు వల్ల, ఆ మందుకి డబ్బులిచ్చిన పక్కింటామె వల్ల. దేవుడు పంపింది ఆమెనే. ఆమెకి మనం ఒక్కసారైనా దండం పెట్టామా? నిన్నంతా గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆమె ముఖం గుర్తుంది. కృతజ్ఞతలు చెప్పినట్టు గుర్తు లేదు. డబ్బాకి చెప్పి ఊరుకున్నాం.

నిన్న పాస్టరు గారి ఇంటికి వెళ్లాను. కోశాధికారి గారు కూడా ఉన్నారు. ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడగని మనిషిని. గుమ్మంలో చెప్పులు విడవడానికే చాలాసేపు పట్టింది.

"మా తమ్ముడు ఇచ్చినది వెనక్కి కావాలి" అన్నాను.

కోశాధికారి గారు నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అన్నారు: "అమ్మా, పళ్లెంలో పడ్డాక అది దేవునిదండీ. ఆయన్ని చిల్లర అడుగుతారా?"

"దేవునిది కాదు. పని చేసినవాళ్లది. దారి తప్పి ఇక్కడికి వచ్చింది."

పాస్టరు గారు చిన్నవాడు, నేను హాస్టల్లో చేరేనాటికి బడికి వెళ్తున్నాడు. లేచి లోపలికి వెళ్లి నువ్వు ఈ నెల పంపిన చెక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంకా మార్చలేదట. "ఇది తీసుకోండి అక్కయ్య గారూ. మిగతాది పైన ఉంది" అని కిటికీలోంచి చూపించాడు. రేకులు ఎండకి మెరుస్తున్నాయి. "ఊడదీయించమంటారా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

ఊడదీస్తే పాత రేకుల ధర వస్తుంది. మేకుల చిల్లులతో.

ప్రత్యేక చందా వేద్దామా, సంఘానికి సంగతి చెప్పాలి మరి అన్నాడు. నీ జీతాల బాకీ బయటపడుతుందని ఆగాను. అది కూడా తప్పేమో. తెలియడం లేదు.

చెక్కు ఇందులో ఉంది. పిన్నికివ్వు. ఇవ్వడం కాదు, అప్పజెప్పు. ఆవిడ థ్యాంక్స్ అంటే వద్దను. బాబాయిని ఆ గదిలోంచి ఈ రోజే బయటికి తీసుకురా. నీ గదిలో పడుకోబెట్టు.

అక్క

⁂

లాండ్రీ ఆఫీసు గది
జులై

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి బాబాయి పోయాడు. పోస్టు మనిషి కవరు ఇస్తుంటే నేను గేటు దగ్గర బండి కోసం చూస్తున్నాను.

ఏమీ ఆలోచించలేదు అక్కా. చెక్కు చేతిలో ఉంది, శవం లోపల ఉంది. చెక్కు మార్చాను. మంచి పెట్టె చేయించాను. ఇత్తడి పిడులు పెట్టించాను. పూలు కూడా. బాయిలర్ ఆపేశాను ఆ రోజు. ఆయన ఉన్నప్పుడు ఆపాల్సింది.

పిన్ని చివరి పని తనే చేసింది. ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి తీసి ఆయన మీద కప్పి, అంచులు లోపలికి మడిచింది, ఎవరినీ పట్టుకోనివ్వలేదు. "నేను ఉండగా ఇంకొకళ్లు మడత పెట్టడమేంటి" అంది. ఏడవలేదు.

మట్టి వేసి వచ్చాక నా రెండు చేతులూ తన కళ్లకి అద్దుకుంది. "మా ఆయన తమ్ముళ్లు కూడా ఇంత చెయ్యలేదు బాబూ. చచ్చేదాకా నీకు రుణపడి ఉంటాను" అంది.

అప్పుడు చెప్పాలి నేను. అది నీ డబ్బే పిన్నీ, నీ జీతమే, ఆ పెట్టె నువ్వే చేయించావు అని. నోటిదాకా వచ్చింది. అందరూ చూస్తున్నారు. అందరి కళ్లలో నేను మంచివాణ్ని. అక్కా, ఆ చూపు ఎంత చల్లగా ఉంటుందో నీకు తెలుసు. ముందు వరసలో కూర్చున్నావుగా.

చెప్పలేదు.

బ్యాంకు వాళ్లు వచ్చి మిషన్లకి జప్తు కాగితాలు అంటించి వెళ్లారు.

తమ్ముడు

⁂

హాస్టల్, కింది గది
జులై

తమ్ముడూ,

ఈ ఉత్తరం చదవగానే వెళ్లు. నిలబడి చదువుతుంటే అలాగే వెళ్లు.

ఆవిడ నీకు రుణపడి లేదు. ఆ మాట ఆవిడ మనసులోంచి తీసెయ్యాలి. డబ్బు కంటే ముందు అది. భర్తని పోగొట్టుకున్న మనిషి, అతన్ని చంపిన గదికి కృతజ్ఞతతో బతకకూడదు.

కవరులో ఉన్నది నాది. ఎవరి మీదా పడకూడదని నా పెట్టె కోసం, సమాధి కోసం దాచుకున్నది. పళ్లెంలో వేసిన డబ్బు కాదు, మూట కట్టినది. జీతం బాకీ పూర్తిగా తీరదు. చాలావరకు తీరుతుంది. నన్ను ఎవరో ఒకరు పూడుస్తారు, వాసన వచ్చేదాకా ఉంచరు కదా.

దీని నుండి డబ్బాలో ఏమీ తీయకు.

అక్క

⁂

వేరే లాండ్రీ, సామాను గది
సెప్టెంబరు

అక్కా,

వెళ్లాను. ఆలస్యంగా వెళ్లాను. నీ ఉత్తరం నిలబడే చదివాను, చదివి కూర్చున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగా బ్యాంకు వాళ్లు తాళం వేయడానికి వచ్చారు. అప్పుడు బాయిలర్ వెనక గదికి వెళ్లాను.

గది ఊడ్చి ఉంది. మంచం గోడకి ఆనించి ఉంది. లాడ్జీ వాళ్లవి ఆఖరి దుప్పట్లు తలుపు పక్కన దొంతరగా పెట్టి ఉన్నాయి, అంచుకి అంచు కలిసి. ఆవిడ లేదు.

వాచ్‌మన్‌ని అడిగాను. తెల్లారగట్ల సంచి ఒకటి పట్టుకుని వెళ్లిపోయిందట. ఎక్కడికని అడిగితే "పని ఉన్నచోటికి" అందట. పాత వీధిలో అడిగాను. చర్చిల్లో అడిగాను. ఆసుపత్రి లాండ్రీలో, బస్సుల దగ్గర, ఊడ్చే ఆడవాళ్లని అడిగాను. నెలన్నర తిరిగాను. ఎవరికీ తెలియదు. ఆవిడ అసలు పేరు కూడా సగం మందికి తెలియదు, నాతో సహా. జీతం ఇచ్చినప్పుడల్లా పిన్నీ అని పిలిచి ఇచ్చేవాణ్ని.

వాచ్‌మన్ ఇంకో మాట చెప్పాడు. వెళ్లేముందు ఆఫీసులోకి వెళ్లి డబ్బాలో ఏదో వేసిందట. నేను ఇవ్వని నెలల్లో, పని అయ్యాక రెండు ఇళ్లలో అంట్లు తోమేదట, నాకు తెలియదు. అందులోంచి. "గది అద్దె అని చెప్పు బాబుకి. చేతికిస్తే తీసుకోడు, మంచివాడు. డబ్బాలో వేశాను. అందులో వేసింది అయితే కచ్చితంగా చేరాల్సిన చోటికి చేరుతుంది" అందట.

అక్కా, వాచ్‌మన్ అది చెబుతూ నవ్వాడు. ఆవిడ మాటల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా అని. ఈసారి అందులో ఎగతాళి ఉందో లేదో నాకు తెలియడం లేదు. రోజూ ఆలోచిస్తున్నాను. ఉంటే బాగుండు.

డబ్బా పార్సిల్‌లో పంపుతున్నాను. తెరవలేదు. నీ కవరు కూడా అలాగే వెనక్కి పంపుతున్నాను.

నేను ఇక్కడ వేరేవాళ్ల లాండ్రీలో బట్టలు దించే పనిలో చేరాను. దుప్పట్లు మడవడం కూడా నేర్చుకుంటున్నాను, గడ్డం కింద ఒక అంచు పెట్టుకుని. నాకు జారిపోతోంది. ఓనరు మంచివాడే. మొదటి నెల జీతం ఇంకా రాలేదు. కొంచెం వెనకబడిందట.

తమ్ముడు

⁂

చర్చి, ఆడవాళ్ల వైపు, మూడో వరస
అక్టోబరు

తమ్ముడూ,

పార్సిల్ అందింది. డబ్బా నా కిటికీలో ఉంది. నేనూ తెరవలేదు. పళ్లెంలో వేయలేను, ఖర్చుపెట్టలేను. నా కవరు దాని కింద పెట్టాను. ఆవిడ దొరికే రోజు వస్తే రెండూ ఆవిడవి. వస్తుందని నమ్మకం లేదు. అయినా అడుగుతున్నాను.

ఈ రోజు కొత్త పైకప్పు కోసం కృతజ్ఞతా ఆరాధన పెట్టారు. పాస్టరు గారు వద్దన్నారట, పెద్దలు వినలేదు. నీ తరఫున నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ముందు వరసలోకి పోయి చాలాకాలమైంది. ఇక్కడి నుంచే లేచాను.

ఎక్కువ మాట్లాడలేదు. "ఈ కప్పు మా తమ్ముడు ఇచ్చినది కాదు. అతని దగ్గర దుప్పట్లు మడిచిన ఒకామె జీతం ఇది. ఆమెకి చేరలేదు. ఇక్కడికి వచ్చింది. నేనే తెచ్చి వేశాను" అన్నాను.

నిశ్శబ్దంగా ఉంది. చెవి వల్ల అనుకున్నాను. కాదు, నిజంగానే నిశ్శబ్దం. తర్వాత నా పక్కనున్నామె నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "జీతమంతా ఇచ్చేసిందా తల్లి. ఎంత మనసమ్మా" అంది. వెనక వరసలో ఎవరో స్తోత్రం అన్నారు. అందరూ అన్నారు. కోశాధికారి గారు లేచి, పేరు తెలియని ఆ సహోదరి ఔదార్యాన్ని బట్టి ప్రార్థన చేశారు. ఆయనకి తెలుసు. అయినా చేశారు. పాస్టరు గారు మాత్రం తల ఎత్తలేదు.

కాదు, అలా కాదు అని ఇంకోసారి చెప్పాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు.

అందరూ వెళ్లారు. నేను ఉండిపోయాను, నీకు ఇక్కడి నుంచే రాద్దామని. నువ్వు పిన్నికి చెప్పలేకపోయినందుకు నీ మీద కోపం ఉండేది. ఈ రోజు నేను చెప్పాను. చెప్పినా ఏమీ కాలేదు. కోపం పోయింది. దాని చోట ఏమీ రాలేదు.

భోజనం ముందు కళ్లు మూసుకుంటున్నాను. మాట రావడం లేదు. మూసుకుని, ఆవిడ ఈ పూట తిని ఉండాలని అడిగి, కళ్లు తెరుస్తున్నాను. అదే నా ప్రార్థన ఇప్పుడు. నువ్వు కూడా అదొక్కటి చెయ్యి. ఎక్కడ దుప్పట్లు మడిచే మనిషి కనిపించినా ఆగి ముఖం చూడు.

రాస్తుండగానే వాన మొదలైంది. రేకుల మీద పెద్ద చప్పుడు. నా చెవికి కూడా వినిపిస్తోంది. అలవాటు కొద్దీ బకెట్ కోసం కాలితో వెతికాను. లేదు, స్టోరు గదిలో పెట్టేశారు. పాపిట మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను.

పొడిగానే ఉంది.

అక్క